బావగారి షరతులు, నా పంతం: మేనకోడలి పెళ్లికి వెళ్లాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు యాభై నాలుగేళ్లు. మద్దిలపాలెం వైపు యూనివర్సిటీ విద్యార్థులకూ, కోచింగ్‌కి వచ్చే కుర్రాళ్లకూ మెస్ నడిపేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయారు, మెస్ మూతపడింది. అద్దె, వంటవాళ్ల జీతాలు, కిరాణా కొట్టు బాకీ మీద పడ్డాయి. భార్య నగలు తాకట్టు పెట్టి, విడిపించుకోలేక వదిలేసుకున్నారు. ఇప్పుడు ఒక క్యాటరింగ్ ఆయన దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నారు.

అక్క భర్త డాక్టరు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు, కోవిడ్ వార్డుల్లో డ్యూటీ చేశారు. 2020లో ఆయనకే కోవిడ్ వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇప్పటికీ రాత్రిళ్లు ఆక్సిజన్ పెట్టుకుని పడుకుంటారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో బావా బావమరుదులకు మొదటి నుంచీ పడలేదు. "రోగంతో పోయేవాళ్లకంటే లాక్‌డౌన్‌లో ఆకలితో పోయేవాళ్లే ఎక్కువ" అని ఈయన అంటే, "లెక్కలు తెలియకుండా మాట్లాడకు" అని ఆయన. ఇంటిల్లిపాదినీ హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోమని బావగారే చెప్పారు. తర్వాత అది పనికిరాదన్నారు కదా అంటే కోపం తెచ్చుకున్నారు. 2021 మే నెలాఖర్లో ఈయన గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టారు. టీకా వేసుకున్నవాళ్లంతా రెండేళ్లలో పోతారని ఎవరో నోబెల్ శాస్త్రవేత్త చెప్పాడని దాని సారాంశం. బావగారు ఇచ్చిన జవాబు: "మీలాంటి వాళ్ల వల్లే జనం చచ్చిపోతున్నారు."

జూన్ మొదటివారంలో ఈయన దగ్గరే ఉంటున్న తల్లికి జ్వరం వచ్చింది. కోవిడ్. నెల మధ్యలో పోయారు. జ్ఞానాపురం శ్మశానంలో నలుగురి మధ్య కార్యక్రమం ముగించారు. అక్క రాలేదు. బావగారే రానివ్వలేదని ఈయన నమ్మకం. అప్పటినుంచి అక్కతో ఫోన్లో మాటలున్నాయి కానీ బావగారితో లేవు.

ఇప్పుడు మాఘంలో అక్క కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావాల్సిన సొంత మేనమామ ఈయనొక్కడే. "నువ్వు రాకపోతే బుట్ట ఎవరు పడతార్రా? ఏట్రా ఈ పంతం!" అని అక్క ఫోన్లో ఏడ్చింది. ఈలోగా గ్రూపులో బావగారి మెసేజ్: పెళ్లి రుషికొండ వైపు ఓపెన్ లాన్‌లో, హాల్లో కాదు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు దయచేసి రావద్దు. తన గదిలోకి వచ్చేవాళ్లు మాస్కు పెట్టుకోవాలి. "మళ్లీ మొదలుపెట్టాడు" అనిపించింది ఈయనకి.

ఆయన అడిగింది ఇదీ: "చివరికి నేను చెప్పిందే నిజమైంది కదా. టీకా కంపెనీయే కోర్టులో ఒప్పుకుంది. ఆయన మాత్రం ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఆ షరతులకు తలొంచి వెళ్తే ఓడిపోయినట్టు కాదా? బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కూడా 'నాన్నా, నువ్వన్నదాంట్లో కొంత తప్పుంది' అంటున్నాడు. ఆయన్ని అవమానించకుండా, నా గౌరవం పోకుండా, నా మాట ఎలా చెప్పాలి?"

సమాధానం

ఎవరు చెప్పింది నిజమైందో ఒక్క ముక్కలో తేల్చలేను. మీరిద్దరూ ఒక్క విషయం మీద పోట్లాడుకోలేదు మరి. ఊరు మూసేయాలా వద్దా అన్నది ఒక గొడవ. టీకా మంచిదా కాదా అన్నది ఇంకొకటి. అమ్మగారు పోయిన బాధ వీటన్నిటికంటే వేరు. ఇవన్నీ ఒకే గ్రూపులో, ఒకే కోపంతో నడిచాయి కాబట్టి ఒక్కటిగా కనిపిస్తున్నాయి. విడదీసి చూస్తే కొన్నిచోట్ల మీరు సరి, కొన్నిచోట్ల ఆయన సరి. ఒకచోట మాత్రం సరి, తప్పు అన్న మాటకే అర్థం లేదు.

ముందు లాక్‌డౌన్ సంగతి. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటించారు, అర్ధరాత్రి నుంచి అమలు. నాలుగు గంటల వ్యవధి. నెలవారీ డబ్బులతో నడిచే మెస్‌కి నాలుగు గంటల్లో ఏం సర్దుకోగలరు? ఆ ఏప్రిల్, మే నెలల్లో చెన్నై వైపు నుంచి ఒడిశా, బెంగాల్ కూలీలు జాతీయ రహదారి మీద నడుచుకుంటూ అనకాపల్లి, గాజువాక మీదుగా వెళ్లడం మీరూ చూసి ఉంటారు. వాళ్లకు తిండీ నీళ్లూ ఏర్పాటు చేయమని మన హైకోర్టు ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది. జబ్బు ఎలా పాకుతుందో చెప్పగలిగేది డాక్టరే. ఎన్ని వారాలు మూయాలి, ఆ వారాల్లో వంటమనిషి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి అన్నది డాక్టర్లు మాత్రమే తేల్చే విషయం కాదు. దాని గురించి మాట్లాడే హక్కు మీకుంది. "లెక్కలు తెలియకుండా" అన్న మాట మీకు తగలకూడనిది. మీ బాకీల లెక్క మీకంటే ఎవరికి తెలుసు?

అయితే మీరన్న వాక్యం వేరు. ఆకలితో పోయినవాళ్లే ఎక్కువ అన్నారు. అది చావుల లెక్క, దానికి ఆధారం లేదు. 2021 చివరికి మన దేశంలో కోవిడ్ మరణాలు అధికారికంగానే నాలుగు లక్షల ఎనభై వేల దాకా ఉన్నాయి. ఆ రెండేళ్లలో మామూలు కంటే అదనంగా పోయినవాళ్లు దాదాపు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ఆ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. చిన్న అంకెనే తీసుకున్నా అది మీరన్న మాటకు సరిపోదు. "ఆ భారం అందరి మీదా సమానంగా పడలేదు. నెల జీతం ఆగనివాళ్లకి అది సెలవు, నాకు దివాలా" అని ఉంటే మీ బావగారి దగ్గర జవాబు ఉండేది కాదనుకుంటాను. మీ దగ్గర బలమైన మాట ఉంది. కోపంలో దాన్ని వదిలేసి బలహీనమైన మాట పట్టుకున్నారు. మనలో చాలామంది చేసే పనే.

ఈ గొడవ మీ ఇంట్లోనే జరిగిందనుకోకండి. 2020 అక్టోబరులో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ అనే ఊళ్లో హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలకు చెందిన ముగ్గురు ప్రొఫెసర్లు ఒక ప్రకటన చేశారు. అందర్నీ మూసిపెట్టొద్దు, ప్రమాదం ఎక్కువ ఉన్న పెద్దవాళ్లను కాపాడుకుంటూ మిగతావాళ్లను మామూలుగా బతకనివ్వండి అని. మీరు మెస్ గల్లా ముందు కూర్చుని అన్నదీ దాదాపు అదే. రెండువారాలు తిరక్కుండానే మరికొందరు శాస్త్రవేత్తలు జాన్ స్నో మెమొరాండం పేరుతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఎదురు జవాబిచ్చారు. పెద్దవాళ్లను విడిగా ఉంచడం ఆచరణలో కుదిరే పని కాదన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. ఆ అభ్యంతరం మీ ఇంటికి ఎంత దగ్గరో చూడండి. మీరూ, మీ ఆవిడా, పిల్లాడూ, డెబ్బై నాలుగేళ్ల అమ్మగారూ ఒకే కప్పు కింద. బజారుకి వెళ్లొచ్చేది మీరే, అమ్మకు కంచంలో పెట్టి ఇచ్చేదీ మీరే. ఏ గోడ కట్టి ఆవిడను విడిగా ఉంచుతారు? వాళ్లలో వాళ్లు కూడా మాటలు తూలారు లెండి. చదువుకు, సంయమనానికి పెద్ద సంబంధం ఉన్నట్టు ఆ రోజుల్లో ఎక్కడా కనిపించలేదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ విషయంలో మీ బావగారు కోపం తెచ్చుకోకుండా ఉండాల్సింది. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలే ఆ మాత్రను ముందుజాగ్రత్తగా వాడమంది, వైద్య సిబ్బందికీ, కోవిడ్ తేలినవారి ఇంట్లోవాళ్లకీ. జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ పేరుతో జరిగిన మందుల పరీక్ష (ట్రయల్), ఆసుపత్రిలో చేరిన రోగులకు అది పనిచేయడం లేదని తేల్చింది. అదే నెలలో అదే ట్రయల్ డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవాళ్ల ప్రాణాలు కాపాడుతోందని కూడా తేల్చింది. మాస్కుల సంగతీ అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అక్కర్లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జూన్‌లోనే మాట మార్చుకుంది. దీన్ని మీరు మోసం కింద లెక్కేశారు. సాంబారు రుచి చూసి ఉప్పు సర్దే వంటవాణ్ణి మీరెప్పుడైనా మోసగాడన్నారా? కాకపోతే సర్దేటప్పుడు "ముందు తప్పు చెప్పాం" అని పైకి అనాలి. అలా అనే అలవాటు మన డాక్టర్లకు తక్కువ. మీ కోపంలో ఆ పాళ్లు మాత్రం న్యాయమైనవే.

ఇక ఆ ఫార్వర్డ్. ఇక్కడ మీ అబ్బాయి అన్నదే సరి. ఆ శాస్త్రవేత్త లూక్ మోంటానియే. టీకాలను విమర్శించింది నిజమే కానీ, వేసుకున్నవాళ్లంతా రెండేళ్లలో పోతారని ఆయన అనలేదు. అన్నా అనకపోయినా ఆ రెండేళ్లు ఎప్పుడో గడిచిపోయాయి. మన దేశంలోనే 220 కోట్ల డోసులు వేశారు. మీ వీధిలో వేసుకున్నవాళ్లు మీ కళ్లెదుటే తిరుగుతున్నారు. కంపెనీ కోర్టులో ఒప్పుకుందన్న వార్త కూడా మీరనుకున్నట్టు కొత్త రహస్యం బయటపడటం కాదు. ఆస్ట్రాజెనెకా టీకా (మన దగ్గర కోవిషీల్డ్) వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే బహిరంగంగా చెప్పింది. 2024లో కోర్టు కాగితాల్లో ఆ మాట కనపడేసరికి మన దగ్గర పెద్ద వార్త అయింది. ప్రమాదం ఉన్నమాట నిజం, అది చాలా అరుదన్నదీ నిజం. "ఏ ప్రమాదమూ లేదు" అన్నవాళ్లూ తప్పే, "అందరూ పోతారు" అన్నవాళ్లూ తప్పే. రెండో తప్పు చాలా పెద్దది.

ఆ ఫార్వర్డ్ తప్పని ఒప్పుకుంటే లాక్‌డౌన్ మీద మీరన్నదంతా కొట్టుకుపోతుందని భయపడుతున్నట్టున్నారు. పోదు. ఒకటి వదిలేస్తేనే రెండోది నిలబడుతుంది. ఎదుటివాడు ఒక్క తప్పైనా ఒప్పుకుంటే, మిగతా మాటలు వినడానికి మనిషికి ఓపిక వస్తుంది.

బావగారి కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఒకసారి చూడండి. 2021 ఏప్రిల్ 22న మన ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ నింపుకున్న ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు బయల్దేరాయి. దేశంలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని బయల్దేరిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అదే. ఊపిరి కోసం దేశం కొట్టుకుంటున్న రోజులవి. ఏడాది కిందట అదే జబ్బుతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, ఊపిరాడనివాళ్ల మధ్య డ్యూటీ చేసి రాత్రి ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే కనిపించింది మీ ఫార్వర్డ్. "మీలాంటి వాళ్లు" అన్న మాటను నేను సమర్థించను. అందులో మీరు లేరు, ఒక గుంపు ఉంది. మనిషిని గుంపులో పడేసి తిడితే ఆ మనిషికి జవాబు చెప్పుకునే దారి కూడా ఉండదు. కానీ ఆ మాట రాసిన తారీఖు చూడండి. మే నెలాఖరు. అప్పటికి అమ్మగారికి జ్వరమే లేదు. ఆయన రాసింది మీరు పంపిన మెసేజ్ గురించి. పదిహేనిరవై రోజులు తిరిగేసరికి అది అమ్మ గురించి అన్నట్టు మీ చెవుల్లో స్థిరపడిపోయింది.

ఎందుకు స్థిరపడిందో మీ ఉత్తరంలోనే ఉంది. "అమ్మకు టీకా ఎండలు తగ్గాక వేయిద్దామనుకున్నాం, ఇంతలోనే" అని బ్రాకెట్లో రాసి, వాక్యం పూర్తి చేయకుండా వదిలేశారు. మళ్లీ ఆ ఊసు ఎక్కడా ఎత్తలేదు.

అరవై దాటినవాళ్లకు 2021 మార్చి 1 నుంచి వేశారు. వేయించి ఉంటే ఆవిడ బతికేవారా? చెప్పలేరు, మీ బావగారు కూడా చెప్పలేరు. లక్షమందిని తీసుకుంటే, వేసుకున్న పెద్దవాళ్లలో ప్రాణం మీదికి రావడం బాగా తగ్గిందని చెప్పవచ్చు. ఒక్క మనిషి దగ్గరికొస్తే ఆ లెక్క పనిచేయదు. వేసుకున్నాక పోయినవాళ్లున్నారు, వేసుకోకుండా తట్టుకున్నవాళ్లున్నారు. మీరు ఆపింది కూడా ఫార్వర్డ్ చూసి కాదు. ఎండలో పెద్దావిడను క్యూలో నిలబెట్టలేక ఆపారు. ఏప్రిల్ వచ్చేసరికి చాలా కేంద్రాల్లో టీకా నిల్వలే లేవు. ఇందులో మీరు కీడు తలపెట్టింది ఏముంది? అయినా ఒక అనుమానం చెప్తాను, తప్పైతే పక్కన పెట్టేయండి. టీకా పనికిరానిదని తేలిపోతే ఈ బరువు దిగిపోతుందని మీ మనసు ఎదురుచూస్తోందేమో. అందుకే కోర్టు వార్త మీకు అంత ముఖ్యమైందేమో. ఆ బరువు దించుకోవడానికి టీకా చెడ్డదని తేలాల్సిన అవసరం లేదు. ఈ మాట మీ ఆవిడతోనో అక్కతోనో ఒకసారి పైకి అనండి. బావగారితో వాదించి సాధించుకునేది కాదు ఇది.

అక్క ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. బావగారు ఆవిడను రానివ్వలేదని మీకెవరు చెప్పారు? అక్క చెప్పిందా, మీరే అనుకున్నారా? ఊపిరితిత్తులు దెబ్బతిన్న భర్త ఇంట్లో ఉండగా రాలేనని ఆవిడే నిర్ణయించుకుందేమో. ఆ రోజు ఆవిడకే జ్వరం ఉందేమో. లేదా మీరనుకున్నదే నిజమేమో. ఇన్నేళ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటూ కూడా ఇది అడగలేదంటే, జవాబు ఏదైనా మీకు కష్టమేనని అర్థమవుతోంది. కన్నతల్లిని చివరిచూపు చూడలేకపోయిన మనిషి ఆవిడ. భర్తా తమ్ముడూ ఎవరి మాట నెగ్గిందో చూసుకుంటుంటే, ఆవిడ ఎవరి దగ్గర ఏడవాలి?

ఇప్పుడు ఏం చేయవచ్చో చూద్దాం. నిర్ణయం మీదే.

వెళ్లకపోవడం ఒక దారి. మీ ఆవిణ్ణీ అబ్బాయినీ పంపి ఊరుకోవచ్చు. పెళ్లి ఆగదు. వరసకి మేనమామ ఎవరో ఒకరు దొరుకుతారు, బుట్ట పడతారు, ఫోటోల్లో ఆయనే ఉంటారు. ఆ పిల్ల మీ వాదనలో ఏ పక్షమూ కాదు, అయినా శిక్ష ఆమెకే పడుతుంది. ఇంకొకటి కూడా ఉంది, మొహమాటం లేకుండా చెప్తాను. మీరు రాకపోవడానికి కారణం కోవిడ్ గొడవని నలుగురూ అనుకోరు. "మేనమామ లాంఛనాలకు భయపడి తప్పించుకున్నాడు" అంటారు. మన పెళ్లిళ్లలో నోళ్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. మీరు రాయలేదు కానీ, చీర, మట్టెలు, చదివింపులు, ఈ ఖర్చు బెంగ కూడా లోపల ఉంటే దాన్ని పంతం పేరుతో దాచకండి. అక్కకు విడిగా చెప్పండి. "నా స్థోమత ఇంతే" అంటే తమ్ముణ్ణి చిన్నచూపు చూసే మనిషిలా ఆవిడ కనిపించలేదు నాకు.

వెళ్లి, ఆ షరతులు పాటించి, పాత ఊసు ఎత్తకుండా తిరిగి రావడం రెండో దారి. ఇది తేలిక, పెళ్లి సజావుగా జరిగిపోతుంది. కానీ మీలాంటి ముక్కుసూటి మనిషికి అది ఎంతకాలం లోపల ఆగుతుంది? భోజనాల దగ్గర ఎవరో "ఇంకా ఈ మాస్కులేంట్రా బాబూ" అంటారు, మీరు అందుకుంటారు, రెండు వాక్యాల్లో 2021కి వెళ్లిపోతారు. ఈ దారి పట్టేటట్టయితే, ఆ రోజు ఆ టాపిక్ వస్తే లేచి వడ్డన చూసుకోవడానికి వెళ్లిపోతానని ముందే అనుకోండి. వడ్డన దగ్గర మీకంటే పనికొచ్చేవాడు అక్కడెవరూ ఉండరు.

షరతులకు తలొంచడం ఓటమి అన్నారు. ఎలా ఓటమి? ఆయన అడిగింది లాక్‌డౌన్ మంచిదని ఒప్పుకోమని కాదు. ఊపిరితిత్తులు చెడిన మనిషికి మామూలు ఫ్లూ కూడా ఆసుపత్రి దాకా తీసుకెళ్లే జబ్బు. ఏసీ హాల్లో తలుపులు మూసుకుని వందలమంది కూర్చుంటే గాల్లో పాకే ఏ జబ్బుకైనా సులువు, ఓపెన్ లాన్‌లో అది తగ్గుతుంది. మాస్కు కూడా ఆయన గదిలోకి వచ్చేవాళ్లనే అడిగారు. 2021లో గ్రూపులో ఎవరు గెలిచినా ఇవాళ ఈ ఏర్పాటు ఇలాగే ఉండేది. నా ఉద్దేశంలో ఇది ఒక రోగి ఇంట్లో పెళ్లికి చేసుకున్న మామూలు ఏర్పాటు. మీకు పాత వాదనలా వినిపిస్తోందంటే, రాసినవాడు ఆయన కాబట్టి.

మూడో దారి కష్టమైంది. పెళ్లికి ముందే ఒకరోజు ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడటం. ఫోన్లో వద్దు, గ్రూపులో అసలే వద్దు, పెళ్లిరోజు అంతకన్నా వద్దు. అక్కకు చెప్పి, ఆయనకు ఓపికగా ఉండే వేళ చూసుకుని వెళ్లండి. గదిలోకి వెళ్లేముందు ఏ వ్యాఖ్యా లేకుండా మాస్కు పెట్టుకోండి. సగం మాట అక్కడే చెప్పినట్టవుతుంది. తర్వాత ఇలా అనవచ్చు: "బావా, లాక్‌డౌన్ విషయంలో మనకి ఎప్పటికీ కుదరకపోవచ్చు. నా మెస్ పోయింది, నా కోపం నాకుంటుంది. ఆ టీకా ఫార్వర్డ్ మాత్రం నేను పెట్టకుండా ఉండాల్సింది. మీరన్న మాట ఒకటి నాకింకా గుచ్చుకుంటోంది. అమ్మ పోయాక అది అమ్మ గురించే అన్నట్టు వినిపిస్తోంది." అక్కడితో ఆపేయండి. "మీరు కూడా ఒప్పుకోండి" అనొద్దు. అలా అంటే బేరం అయిపోతుంది.

ఆయన ఏమంటారో నేను చెప్పలేను. "ఆ రోజు మతిలేక అన్నానోయ్" అనవచ్చు. "సరేలే, పాతవి ఇప్పుడెందుకు" అని కాఫీ తెమ్మని లోపలికి కేకేయవచ్చు. మన ఇళ్లలో పెద్ద మగవాళ్లు క్షమాపణ చెప్పే పద్ధతి చాలావరకు అదే, దాన్ని తక్కువగా లెక్కేయకండి. లేదంటే మళ్లీ లెక్కలు మొదలుపెట్టి పాఠం చెప్పవచ్చు. అప్పుడు "ఇది పెళ్లయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం బావా" అని లేవండి. మీరు చెప్పాల్సింది చెప్పేశారు కాబట్టి పెళ్లిలో మీ మనసు కొంత తేలికగానే ఉంటుంది. ఈ దారిలో నష్టం కూడా ఉంది. ఆయన మొహం తిప్పుకుంటే, ముందుకన్నా ఎక్కువ నొప్పితో మీరు బుట్ట పట్టాలి. అంత తట్టుకోలేననిపిస్తే రెండో దారే మేలు, అందులో నామోషీ లేదు.

అబ్బాయిని మధ్యలో పెట్టి మాట్లాడించాలనుకుంటే నాకు అంత ఇష్టం లేదు. మీ తప్పు మీ మొహం మీదే చెప్పగలిగిన కుర్రాడు మంచివాడే. కానీ మేనత్త ఇంటికి తండ్రి తరఫు వకీలుగా వెళ్తే, రేపు ఆ ఇంటితో వాడికుండే చనువు పోతుంది. బావగారి దగ్గరికి వెళ్లేముందు ఆయన వాదన ఏమిటో మీరు మీ నోటితో చెప్పండి, వింటూ ఎక్కడ తప్పిందో వాణ్ణి చెప్పమనండి. "అవును, ఆయన అనేది ఇదే" అని వాడు ఒప్పుకునేదాకా చెప్పండి. వాడు ఉపయోగపడేది అందుకు.

ఏ దారి ఎంచుకున్నా బావగారి మెసేజ్‌కి గ్రూపులో జవాబు మాత్రం ఇవాళే పెట్టండి. "అలాగే బావా, మా ఇంట్లో అందరం జాగ్రత్తగా వస్తాం" చాలు. వెటకారపు బొమ్మలేవీ పక్కన అంటించకండి. వెళ్లకూడదని నిశ్చయించుకుంటే అక్కకు నేరుగా ఫోన్ చేసి చెప్పాలి, అది గ్రూపులో పెట్టే కబురు కాదు.

మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పాలి. మాఘం చలికాలం చివర. మీ పనిలో రోజూ వందలమంది మధ్య తిరుగుతారు. ముహూర్తానికి రెండురోజుల ముందు మీకే జలుబు పట్టుకుంటే? అప్పుడు వెళ్లకపోతే "చూశారా, రాలేదు" అంటారు, వెళ్తే "చెప్పినా వచ్చాడు" అంటారు. అందుకని ఇప్పుడే అక్కతో మాట్లాడి ఉంచుకోండి. జ్వరం ఉంటే వరసకి మేనమామ ఎవరు బుట్ట పట్టాలో పేరు అనుకోండి. చిన్న జలుబైతే మాస్కుతో, ఆ తంతుకి మాత్రం వచ్చి బావగారికి దూరంగా ఉండవచ్చా అని ఆయన్నే అడగమనండి. డాక్టరు కాబట్టి ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సూటి జవాబు ఉంటుంది.